ఊపిరితిత్తులయందు నెత్తురు గడ్డకట్టుట
(వార్షిక మహాసభలో చదువబడిన యుపన్యాసము)



ఈ మహాసభలో నేదైన నొక యుపయుక్త విషయమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను వైద్యుడను కాను. ముప్పది యేండ్లకు పైబడి బాలురకు సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గైకొనినవాడను. అట్టివాడు వ్యాధిని గూర్చి మాటలాడుట సాహసమని కొందఱనుకొనవచ్చును. కాని వైద్యము చేయుట వేఱు. వైద్యులు కనుగొనిన సంగతులను నలుగురికి బోధపడునట్లు చెప్పుట వేఱు. మొదటిది నా పని గాదు. రెండవది జీవితమంతయు నేను చేసిన పనియే. కావున నేను చెప్పబోవుదానిని పాఠముగ స్వీకరింపుడు, ఔషధముగ స్వీకరింపకుడు.

2020, 2021 సంవత్సరములలో కోవిడ్ అను మహామారి మన దేశమున చేసిన సంహారమును మీరందఱు నెఱుగుదురు. ఈ సభామంటపమున కూర్చున్నవారిలో పెక్కుమంది తమవారిని గోల్పోయినవారే. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020 జనవరి 30వ తేదీన ప్రకటించిన యత్యవసర స్థితిని 2023 మే 5వ తేదీన విరమించిరి. మహామారి యుద్ధృతి యణగినది గాని యా వ్యాధి లోకమును విడిచిపోలేదు. దానివలెనే యూపిరితిత్తులను బట్టు ఇన్‌ఫ్లుయెంజా యేటేట వచ్చుచునే యున్నది. 1918లో నా యిన్‌ఫ్లుయెంజాయే మన దేశమున కోటికి పైగా ప్రాణములను హరించెను. కావున దీనిని గడచిన కథయని త్రోసివేయరాదు.

ఆ దినములలో ననేక గృహములయందొక ప్రశ్న పుట్టెను. అది సమాధానము లేక నేటికిని మిగిలియున్నది. "జ్వరము విడిచినది, అన్నము తినినాడు, అందఱితో మాటలాడినాడు, లేచి నాలుగడుగులు వేసి కూలిపోయినాడు. ఇది యెట్లు సంభవించెను?" అనునదియే యా ప్రశ్న. కొందఱు దృష్టిదోషమనిరి. కొందఱు వైద్యుని దూషించిరి. కొందఱింటివారినే నిందించిరి. ఇట్టి యాకస్మిక మరణములకు కారణములు పెక్కులుండవచ్చును. వానిలో ముఖ్యమైనదియు, మనవారిలో జాలమంది యెఱుగనిదియు నొకటి కలదు. అది యూపిరితిత్తుల రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టుట. నేటి నా ప్రసంగవిషయ మిదియే.

మొదట ఊపిరితిత్తుల నిర్మాణమును గొంచెము తెలిసికొందము. మనము పీల్చిన గాలి గొట్టములగుండ లోనికి బోయి, కడపట మిక్కిలి సూక్ష్మములగు వాయుకోశములను జేరును. ఇట్టి కోశములు మనుష్యుని రెండూపిరితిత్తులలో గలిసి సుమారు 30 కోట్లు మొదలు 50 కోట్లవరకు నుండునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఒక్కొక్క కోశముచుట్టును కేశనాళికలనబడు రక్తనాళములు వలవలె నల్లుకొని యుండును. అవి యెంత సన్ననివనగా, నెఱ్ఱ రక్తకణములు వానిలో నొకదానివెనుక నొకటిగ వరుసదీరి పోవలసినదే. గాలికిని నెత్తురునకును నడుమనున్న పొర మిల్లీమీటరులో వేయవ వంతుకంటెను పలుచనిది. ఆ పొరగుండ ప్రాణవాయువు నెత్తురులోనికి వచ్చును. బొగ్గుపులుసుగాలి వెలికి బోవును. మనము నెమ్మదిగ కూర్చున్నపుడు గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల నెత్తురును ద్రోయుచుండును. ఆ నెత్తురంతయు నూపిరితిత్తులగుండ బోయియే శరీరమునకు రావలయును. వేఱు మార్గము లేదు.

కృష్ణా గోదావరీ మండలములలో కాలువలక్రింద వ్యవసాయము చేయువారికి దీనిని దెలిసికొనుట సులభము. పెద్ద కాలువనుండి పిల్లకాలువలు, పిల్లకాలువలనుండి బోదెలు, బోదెలనుండి మళ్లు. మడి బాగుగ నున్నను బోదె పూడిపోయిన పంట లేదు. బోదెలో నీరు పాఱుచున్నను మడి పాడైన పంట లేదు. అట్లే వాయుకోశములో గాలియు, దానిచుట్టు నెత్తురును, రెండును గలిసినప్పుడే ప్రాణవాయువు దేహమునకు లభించును. న్యుమోనియా యనగా వాయుకోశములు వాచి, ద్రవముతో నిండి, గాలికి జోటు లేకపోవుట. ఇది మడి పాడగుటవంటిది. రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టుట బోదె పూడిపోవుటవంటిది. తీవ్రమైన కోవిడ్ రోగులలో ననేకులకు నీ రెండాపదలు నొక్కసారిగ సంభవించినవి. గాలి యాడని కోశములు కొన్ని. గాలి యాడుచున్నను నెత్తురు రాని కోశములు కొన్ని. ప్రాణవాయువును గొట్టముతో నెంత యిచ్చినను కొందఱికి జాలకపోవుటకు గల కారణములలో నిదియు నొకటి.

నెత్తురు గడ్డకట్టుట స్వభావముచేత చెడ్డది కాదు. అది లేనియెడల చిన్న కత్తిగాటునకే ప్రాణము పోవును. సుశ్రుతాచార్యులు కారుచున్న రక్తమును నిలుపుటకు సంధానము, స్కందనము, పాచనము, దహనము అని నాలుగుపాయములను జెప్పిరి. వారు వాడిన యా స్కందన శబ్దమునే నేటి బడిపుస్తకములలో "రక్తస్కందనము" అని మన పిల్లలు చదువుచున్నారు. గాయమునొద్ద గడ్డ యుపకారియని మన పూర్వులకు జక్కగ దెలియును. కాని గాయములేని చోట, దేహములోపల గట్టిన గడ్డ నెత్తురువెంట ప్రయాణముచేసి యూపిరితిత్తులలో నిలిచి ప్రాణము దీయునను సంగతి పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాఖండమున దేలినది. పూర్వులు చెప్పినదానిని గౌరవించుటయు, చెప్పనిదానిని జెప్పిరని యనకుండుటయు రెండును విద్యావంతుని ధర్మములే.

గడ్డ యెట్లు కట్టునో చెప్పెదను. నెత్తురులో ప్లేట్లెట్లు అను సూక్ష్మఫలకములు కలవు. డెంగీ జ్వరముల పుణ్యమా యని యీ మాట నేడు పల్లెటూళ్లలో సయితము వినబడుచున్నది. రక్తనాళపు గోడ చీలినచోట నీ ఫలకములు మొదట వచ్చి యంటుకొనును. పిదప నెత్తురులో కరగియున్న ఫైబ్రినోజెన్ అను పదార్థము ఫైబ్రిన్ అను దారములుగ మాఱి, వానిమీద వలవలె నల్లుకొనును. గట్టునకు గండి పడినపుడు రైతులు మొదట మట్టిబస్తాలు వేసి, పైన తాటిమట్టలును రెల్లును బఱచి బిగించుటవంటిదే యిది. గాయము మానిన పిదప నీ గడ్డను కరగించు నేర్పాటును దేహమునందే కలదు. గడ్డ కరగినపుడు ఫైబ్రిన్ తునుకలు కొన్ని నెత్తురులో గలియును. వానిలో నొకదానికి డి-డైమర్ అని పేరు. 2021లో మన పట్టణములలోని పరీక్షాశాలలయెదుట జనులు వరుసలుదీరి చేయించుకొనిన పరీక్షలలో నిది యొకటి. ఈ సంఖ్య హెచ్చినయెడల దేహములో నెచ్చటనో గడ్డలు కట్టుటయు గరగుటయు జరుగుచున్నదేమో యని యనుమానింపవచ్చును. కాని జ్వరముచేతను, గర్భముచేతను, వయస్సుచేతను, శస్త్రచికిత్సచేతను గూడ నిది హెచ్చును. కావున నీ సంఖ్య యనుమానమునకు హేతువేగాని తీర్పు కాదు.

జర్మనీదేశమున రుడాల్ఫ్ విర్కో (1821–1902) అను మహావైద్యుడుండెను. ఊపిరితిత్తుల ధమనులలో గనబడు గడ్డలలో బెక్కులు కాళ్ల సిరలలో బుట్టి, విడివడి, నెత్తురువెంట గుండెకును, గుండెనుండి యూపిరితిత్తులకును వచ్చినవని యాయన నిరూపించెను. మన కాలువలలో గుఱ్ఱపుడెక్క యెచ్చటనో యెగువను బెరిగి, యొకనాడు తెగి, ప్రవాహమున గొట్టుకొనివచ్చి, క్రింది తూమునొద్ద నడ్డుపడుట మీరు చూచియే యుందురు. ఇదియు నట్టిదే. నాళములో నెత్తురు గడ్డకట్టుటకు మూడు కారణములు చెప్పి వానికి విర్కోగారి పేరు పెట్టుట వైద్యులలో నాచారము. నెత్తురు మందముగ బ్రవహించుట మొదటిది. నాళపు గోడకు గాయమగుట రెండవది. నెత్తురునకే గడ్డకట్టు స్వభావము హెచ్చుట మూడవది.

ఈ మూడింటిలో నొకటి యున్నను భయమే. తీవ్రమైన వైరస్ న్యుమోనియాయందు మూడును గూడివచ్చును. రోగి దినములకొలది మంచముమీద గదలక పండుకొని యుండును, జ్వరముచేత నీరింకిపోవును, కాన బ్రవాహము మందగించును. వైరస్సుచేతను, దానిని బ్రతిఘటించుటకు దేహము లేపిన తాపముచేతను, రక్తనాళముల లోపలిపొర చెడును. ఆ పొర యారోగ్యముగ నున్నంతవఱకు నున్నగ నుండి ప్లేట్లెట్లను దనకంటనీయదు. చెడినపిదప వానిని రమ్మని పిలుచును. ఫైబ్రినోజెన్ మొదలగు గడ్డకట్టించు పదార్థములు నెత్తురులో నానాటికి హెచ్చును. ఇంకొక విచిత్రము కలదు. శత్రుక్రిములను బట్టుటకు మన తెల్ల రక్తకణములు కొన్ని తమ లోపలి తంతువులనే వెలికి జిమ్మి వలలు పన్నునని 2004లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ వలలలో క్రిములతోబాటు ప్లేట్లెట్లును జిక్కి గడ్డలకు నాంది యగును. దొంగలకొఱకు వీధికి గట్టిన కంచె యింటివారికే యడ్డమైనట్లు, రక్షణకై చేసిన పనియే యిచ్చట మార్గమును మూసివేయును.

ఇవి యూహలు గావు. 2020 ఆరంభమున చైనాదేశములోని వుహాన్ నగరమున వైద్యులు 183 మంది రోగుల నెత్తురును బరీక్షించిరి. వారిలో 21 మంది మృతిజెందిరి. ఆ 21 మందిలో 15 మందికి దేహమంతట నెత్తురు గడ్డకట్టు వ్యవస్థ తలక్రిందులైన లక్షణములు గానవచ్చినవి; బ్రతికినవారిలో నూటికొక్కరికైనను లేవు. అదే సంవత్సరమున జర్మనీలోని హాంబర్గు నగరమున వరుసగ మరణించిన 12 మందికి శవపరీక్షలు చేసిరి. 7గురి సిరలలో గడ్డలుండెను. వారు జీవించియుండగా నట్టి యనుమానమైనను నెవరికిని గలుగలేదు. నలుగురి మరణమునకు ఊపిరితిత్తులలో జిక్కుకొనిన గడ్డయే ప్రత్యక్షకారణమని తేలెను. నెదర్లాండ్సు దేశమున మూడు వైద్యశాలలలోని తీవ్రచికిత్స విభాగముల యందలి 184 మందిని బరిశీలింపగా, గడ్డకట్టకుండ ముందుజాగ్రత్త మందు ఇచ్చుచున్నను, నూటికి 31 మందికి గడ్డల బాధ కలిగినదని లెక్కించిరి. ఆ గడ్డలలో నధికభాగ మూపిరితిత్తులలోనివే.

మఱియొక పరిశీలనము మిక్కిలి బోధకమైనది. కోవిడ్‌చేత మరణించిన 7గురి యూపిరితిత్తులను, 2009లో ఇన్‌ఫ్లుయెంజాచేత మరణించిన 7గురి యూపిరితిత్తులతో సూక్ష్మదర్శినిక్రింద సరిపోల్చిరి. కేశనాళికలలోని సూక్ష్మమైన గడ్డలు ఇన్‌ఫ్లుయెంజాకంటె గోవిడ్‌నందు 9 రెట్లు అధికముగ నుండెను. అనగా రెండు వ్యాధులలోను గడ్డలు కలవు, కోవిడ్‌లో మిక్కుటము. ఇందువలన మనకు తేలునదేమనగా: ఈ గడ్డలు రెండు విధములు. కాలి సిరలో బుట్టి ప్రయాణముచేసి వచ్చినవి కొన్ని. ఊపిరితిత్తులలోనే, వాపు గల చోటుననే, పుట్టినవి కొన్ని. మొదటివి తూమునకడ్డుపడిన గుఱ్ఱపుడెక్కవంటివి. రెండవవి బోదెలలోనే పేరుకొనిన నాచువంటివి. మొదటివి యొక్క నిమిషములో గూల్చివేయగలవు. రెండవవి కొంచెముకొంచెముగ నూపిరిని హరించును.

పెద్ద గడ్డ వచ్చి ధమనిలో నడ్డుపడినపుడు జరుగునదేమి? గుండెలోని కుడిభాగము నెత్తురును ద్రోయబోవును, దారి మూసియుండును. అది యుబ్బి యలసిపోవును. ఎడమభాగమునకు నెత్తురు రాదు. రక్తపుపోటు పడిపోవును, మెదడునకు నెత్తురు చాలదు, మనుష్యుడు స్పృహ దప్పి పడును. "నాలుగడుగులు వేసి కూలిపోయినాడు" అను మాటకు శాస్త్రము చెప్పు సమాధానములలో నిది ప్రధానమైనది.

ఇచ్చట మీకొక గృహవృత్తాంతమును మనవి చేయవలసియున్నది. పేర్లును ఊరును జెప్పను. 2021 మే నెలలో నేనెఱిగిన యొక యింటి పెద్ద కోవిడ్‌తో వైద్యశాలలో జేరి, కుదుటబడి యింటికి వచ్చెను. వారము గడచినది. జ్వరము విడిచినది గదా యని తలకు నీళ్లు పోసికొనెదననెను. కోడలు నీళ్లు కాచి పెట్టినది. ఆయన మంచము దిగి, వసారా దాటి, దొడ్డివాకిట గూలిపోయి, యరగంటలో బ్రాణము విడిచెను. "తొందరపడి తలకు నీళ్లు పోయబోయినది; మామగారిని పొట్టన బెట్టుకొన్నది" అని బంధువులనిరి. ఆ మాట నేటికిని వారి యింట శుభాశుభములలో వినబడుచునే యున్నదట. ఆమె పండుగనాడు నలుగురిలో గూర్చుండుటయు మానినదట.

ఆయనకు శవపరీక్ష జరుగలేదు. కాన నిది గడ్డవలననే యని నేను నిశ్చయముగ జెప్పజాలను. కాని యొక సంగతి నిశ్చయముగ జెప్పగలను. ప్రాణము దీయగల గడ్డ యొక చెంబెడు వేడినీళ్లవలన నాక్షణమున బుట్టదు. అది మంచముమీద గడచిన దినములలో, వ్యాధి నెత్తురును మార్చిన దినములలో, కాలిలో దినదినము పెరిగియుండును. అది యేనాడు విడివడునో యెవ్వరును జెప్పలేరు. పండుకొనియుండగను విడివడవచ్చును, లేచినపుడును విడివడవచ్చును. నీళ్లు కాచిన చేయి దానికి గారణము గాదు. ఇట్టి నిందలు మన యిండ్లలో నెన్ని యున్నవో! అవి తఱచుగ నింటి యాడువారిమీదనే పడుట మఱింత శోచనీయము. కారణము తెలియని చోట నపరాధిని వెదకుట మానవస్వభావము. కారణము తెలిసినపిదప గూడ నపరాధమును మోపుట యధర్మము.

ఇక చికిత్స. పొలములో జలగ పట్టినవారికి దెలియును: జలగ యూడిపోయిన తరువాత గూడ నెత్తురు చాలసేపు కారుచునే యుండును. జలగ నోటిలో నెత్తురును గడ్డకట్టనీయని పదార్థము కలదని హేక్రాఫ్ట్ అను నాంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1884లో చూపెను. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున హోవెల్ అను నాచార్యునివద్ద పనిచేయుచున్న మెక్లీన్ అను విద్యార్థి, నెత్తురు గడ్డకట్టించు పదార్థమును వెదకబోయి, దానికి విరుద్ధమైన గుణముగల పదార్థమును గనెను. ఆ పరిశోధనమునుండి వెలసిన మందునకు, కుక్క కాలేయమునుండి మొదట లభించినది గాన, గ్రీకుభాషలో కాలేయమునకు గల పేరునుబట్టి హెపారిన్ అని 1918లో నామకరణము చేసిరి. 1930వ దశాబ్దమున నది మనుష్యులకు వాడుకలోనికి వచ్చెను. కోవిడ్ కాలమున వైద్యులకు దొరికిన యాయుధములలో నీ శతవర్షప్రాయమైన మందొకటి.

దానిని ఎవరికి, ఎప్పుడు, ఎంత యీయవలెనను ప్రశ్నకు ననేక దేశములవారు కలిసి పరీక్షించి, 2021లో ఫలితములను బ్రకటించిరి. వైద్యశాలలో జేరియు నింకను విషమస్థితికి రాని 2,219 మందిలో బూర్తి మోతాదు హెపారిన్ ఇచ్చినవారు కొంత మేలుపొందిరి. కృత్రిమశ్వాసయంత్రము మొదలగు సాధనముల యవసరము లేకయే బయటపడినవారు పూర్తి మోతాదు తీసికొనినవారిలో నూటికి 80 మంది. సాధారణపు మోతాదు తీసికొనినవారిలో 76 మంది. కాని యప్పటికే విషమస్థితిలోనున్న 1,098 మందిలో నదే మందు, అదే మోతాదు, మేలు చేయలేదు. రెండు వర్గములలోను బూర్తి మోతాదువలన రక్తస్రావపు బాధలు కొంత హెచ్చినవి. వరద రాకముందు గట్టును బలపఱచిన పనిచేయును. ఊరు మునిగినపిదప నా మట్టియే బురద యగును. వైద్యశాలకు సకాలమున బోవలెనని మనము పదేపదే వినుటలోని మర్మమిదియే.

ఆస్పిరిన్ కూడ నెత్తురును పలుచజేయును గదా యని పలువురు దానిని మ్రింగిరి. 14,000 మందికి పైగా రోగులలో దానిని బరీక్షింపగా, ఇచ్చినవారిలోను, ఈయనివారిలోను మరణించినవారు నూటికి 17 మందియే. అనగా మరణమును దగ్గింపలేదు. డెక్సామెథసోన్ అను మందు ప్రాణవాయువు నవసరపడినవారిలో మరణములను దగ్గించినదని 2020 జూన్ నెలలో తేలెను. ప్రాణవాయువు అవసరములేనివారికి నది మేలు చేయలేదు. ఈ భేదమును దెలియక, పొరుగువాని మందుచీటిని జూచి మనవారెందఱో కొని మ్రింగిరి. ఒకరికి రక్షకమైన మందొకరికి భక్షకమగును. నెత్తురును పలుచజేయు మందులు మఱియు నట్టివి. కడుపులో పుండున్నవారికిని, పూర్వము మెదడులో రక్తస్రావమైనవారికిని నవి ప్రాణాంతకములు గావచ్చును. కావున వైద్యుని యాజ్ఞ లేక వీనిని ముట్టరాదు. వైద్యుడు వ్రాసియిచ్చిన వానిని ఆయనను అడుగక మానరాదు.

టీకాలను గూర్చి మీలో గొందఱడుగుదురని యెఱుగుదును. 2021లో ఆస్ట్రాజెనెకావారి టీకా, అనగా మన దేశమున కోవిషీల్డ్ అను పేర వాడినది, తీసికొనినవారిలో మిక్కిలి కొలదిమందికి ప్లేట్లెట్లు తగ్గి, మెదడు సిరలు మొదలగు చోట్ల గడ్డలు గట్టినమాట సత్యము. సత్యమును దాచరాదు. అయితే నది టీకా వేసికొనిన కొలది వారములలోనే కనబడు నరుదైన బాధ. ఏండ్లు గడచినపిదప వచ్చు ప్రతి గుండెనొప్పికిని దానిని గారణముగ జెప్పరాదు. వ్యాధివలన గలుగు భయమును దానితో దూచి చూడుడు. స్వీడన్ దేశమున 10 లక్షలకు పైగా కోవిడ్ రోగులను బరిశీలించి 2022లో బ్రకటించిన లెక్కలనుబట్టి, వ్యాధి తగిలిన మొదటి 30 దినములలో నూపిరితిత్తులలో గడ్డ చేరు నపాయము వ్యాధి తగలనివారికంటె 33 రెట్లు. ఆ యపాయము తగ్గుచు తగ్గుచు నాఱు మాసములవఱకు గొంత నిలిచియుండెను. అట్లని ప్రతి రోగియు భయపడ నక్కఱలేదు. ఆ 30 దినములలో గడ్డ చేరినవారు వేయిమందికి నిద్దఱికంటెను దక్కువ. భయము వలదు, జాగరూకత వలయును.

ఆ జాగరూకత యెట్టిదో చెప్పి ముగించెదను. తీవ్రజ్వరముతో న్యుమోనియా వచ్చి తగ్గినవారియందును, పెద్ద శస్త్రచికిత్స యైనవారియందును, బాలింతలయందును, దీర్ఘకాలము మంచము పట్టినవారియందును నీ లక్షణములను గనిపెట్టుడు. ఒక కాలు మాత్రము వాచుట, పిక్క నొప్పిపెట్టి వెచ్చగ నుండుట. హఠాత్తుగ నాయాసము గలుగుట. ఊపిరి పీల్చినపుడు ఱొమ్ములో బొడిచినట్లుండుట. కఫములో నెత్తురు పడుట. కారణములేక గుండె దడదడ కొట్టుకొనుట. కండ్లు చీకట్లు గ్రమ్మి సోలుట. వీనిలో నేది కనబడినను రేపు చూతమనరాదు. తైలము మర్దించుచు, దిష్టి తీయుచు గాలము బుచ్చరాదు. వాచిన పిక్కను గట్టిగ బిసుకనే రాదు. ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములలో 108 సంఖ్యకు దెలిపిన వాహనము వచ్చును. వైద్యశాలలో కాలి సిరలను ధ్వనితరంగముల యంత్రముతోను, ఊపిరితిత్తుల నాళములను సి.టి. యంత్రముతోను జూచి గడ్డను గుర్తింతురు. సకాలమున గుర్తించిన దానికి మందు కలదు. ప్రాణాపాయస్థితిలో గడ్డను గరగించు మందులును గలవు.

రోగి కుదుటబడుచున్నపుడు కదలనీయకుండుట గౌరవమని మనవారనుకొందురు. అది పొరబాటు. వైద్యుడనుమతించినంతలో మంచముమీదనే కాళ్లు మడచి చాచుటయు, కూర్చుండుటయు, నొకరి యాసరాతో గొంచెము నడచుటయు మేలు. పిక్క కండరములు కదలినపుడెల్ల సిరలలోని నెత్తురును బైకి ద్రోయును. నీరు చాలినంత ద్రాగవలెను. వైద్యశాలనుండి యింటికి బంపునపుడు "గడ్డకట్టకుండ మందు ఇంటివద్ద నవసరమా? ఎన్నిదినములు?" అని యడుగుటకు సంకోచింపకుడు. బ్రెజిల్ దేశమున నపాయము హెచ్చుగ నున్న 320 మందిలో సగముమందికి వైద్యశాల విడిచినపిదప 35 దినములట్టి మందిచ్చి చూడగా, గడ్డలవలని బాధలు నూటికి 9 నుండి 3కు దగ్గినవి. అది యందఱికి నవసరము గాదు. ఎవరికవసరమో వైద్యుడే నిర్ణయింపవలెను. అడుగుట మాత్రము మన కర్తవ్యము.

మహాజనులారా! కాలువ కట్టించినవాడు దాతయని మనము పొగడుదుము. ప్రతి సంవత్సరమును దాని పూడిక తీయువాని పేరెవరికిని దెలియదు. కాని పంట వానివలననే. జ్ఞానమును నట్టిదే. ఒకసారి విని చప్పట్లు చఱచిన జాలదు. నేడు విన్న యీ లక్షణములను మీ యిండ్లలో స్త్రీలకును, పిల్లలకును, మీయొద్ద పనిచేయువారికిని జెప్పుడు. ఒక్క యింటిలో నొక్కరు సకాలమున వైద్యశాల జేరినను, ఒక్క నిరపరాధిమీది నింద తొలగినను, ఈ యుపన్యాసము సార్థకమైనట్లే.